అలిపిరి మెట్ల లెక్కలో మనిషి

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో రాతియుగం మనిషి గురించి ఒక రిటైర్డ్ లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకు వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి నాయనా, కాగితాలు ఎగిరిపోతున్నాయి. సరే వద్దులే, కాగితాలే పక్కన పెట్టేస్తా. ఉక్కపోతకంటే నా మాటలే నయం.

ముందు ఒక పని చేద్దాం. ఇదిగో, ఈ రాయి. మొదటి వరుస నుంచి చేతులు మారుస్తూ వెనక్కి పంపండి. ఊరికే చూసి ఇచ్చేయడం కాదు, చేత్తో పట్టుకోండి, బరువు చూడండి, బొటనవేలు ఎక్కడ ఆనుతోందో చూడండి. పిల్లలూ, అంచు జాగ్రత్త, తెగుతుంది. నిజంగానే తెగుతుంది, నా చెయ్యే సాక్ష్యం. అదేంటో తర్వాత చెప్తా. చివరికి మాత్రం ఆ రాయి నా దగ్గరికి రావాలి, ముందే చెప్తున్నా.

ఇప్పుడొక ప్రశ్న. అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్లనివాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఒక్క చెయ్యి లేచింది. పర్లేదమ్మా, మోకాళ్ల నొప్పులుంటే ఎవరేం చేస్తారు. మెట్లు ఎన్ని? 3,550. అందరికీ తెలిసిన లెక్కే. ఈ మెట్లనే ఇవాళ మనం కాలెండర్‌గా వాడుకుందాం. ఎందుకంటే లక్ష సంవత్సరాలు, పది లక్షల సంవత్సరాలు అని నేను చెప్పుకుంటూ పోతే మీ బుర్రలోకి ఏమీ ఎక్కదు. నా బుర్రలోకీ ఎక్కదు. మన జీతాలకు లక్షే పెద్ద అంకె, సంవత్సరాల్లో లక్ష అంటే ఎట్లా ఊహించుకుంటాం?

కింద అలిపిరి పాదాల మండపం దగ్గర 15 లక్షల ఏళ్ల కిందటి రోజు. పైన చివరి మెట్టు ఈ రోజు, ఈ హాలు, ఈ ఫ్యాను. అంటే మెట్టుకు దాదాపు 420 ఏళ్లు. చేతివేళ్ల మీద కాకపోయినా ఫోన్లో భాగించి చూసుకోండి. కృష్ణదేవరాయలవారు ఎక్కడున్నారు మరి? పై నుంచి ఒక మెట్టు దిగి, రెండో మెట్టు మీద కాలు పెట్టబోతే ఉన్నారు. అంతే! మనం 'ఎప్పుడో రాయలనాడు' అంటాం కదా, అది ఒక్క మెట్టు. గుడిమల్లం శివలింగం, ఏర్పేడు దగ్గరిది, దేశంలోనే చాలా పాత లింగాల్లో ఒకటి, రెండు వేల ఏళ్ల పైమాటే అంటారు. అది అయిదో మెట్టు. అయిదు మెట్లంటే పిల్లలు ఒక్క దూకు దూకుతారు. మన చరిత్ర పుస్తకాలు, రాజులు, శాసనాలు, యుద్ధాలు, సినిమాల్లో చూపించే కత్తులు, రథాలు, అన్నీ ఈ పది మెట్లలోనే అయిపోతాయి. మిగతా 3,540 మెట్ల సంగతేంటి? ఇవాళ నేను మాట్లాడేది వాటి గురించి.

ఈ 15 లక్షల అంకె నేను గాల్లోంచి తీసింది కాదు. ఆఫ్రికాదో యూరప్‌దో కూడా కాదు, మన పక్కదే. మన నగరి దగ్గర కుశస్థలి ఏరు చూశారా? వానాకాలంలో తప్ప నీళ్లుండవనుకోండి, ఇసుక మాత్రం ఉంటుంది, అదీ రోజురోజుకీ తగ్గుతోంది, ఆ సంగతి వేరే. ఆ నీళ్లు పోయి పూండి జలాశయంలో చేరతాయి. మన తెలుగుగంగ కాలువ చెన్నై కోసం నీళ్లు తీసుకుపోయేదీ ఆ పూండికే. ఆ చుట్టుపక్కలే అత్తిరంపాక్కం అని ఒక ఊరుంది. చిన్న ఊరే. ప్రపంచంలో పాత రాతియుగం చదివే ప్రతి విద్యార్థికీ ఆ పేరు తెలుసు. మనకు తెలియదు. మనం ఆ పక్క నుంచి చెన్నైకి బట్టలు కొనడానికి పోతాం.

కథ 1863లో మొదలైంది. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అని ఒక భూగర్భ శాస్త్రవేత్త. జియొలాజికల్ సర్వేలో ఉద్యోగం, రాతిపొరలు చూసుకుంటూ మద్రాసు ప్రెసిడెన్సీ అంతా తిరగడం ఆయన పని. ఆ ఏడాది మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో కంకర తవ్విన గుంట దగ్గర ఒక రాయి చూశాడు. రాయే. మనమైతే కాలితో తన్ని ముందుకు పోతాం. ఆయన వంగి తీసుకున్నాడు. రెండు వైపులా పెచ్చులు లేపి, కిందేమో గుండ్రం, పైనేమో మొన. ఇది దానంతటది ఇట్లా పగల్లేదు, ఎవరో చేశారు అని ఆయనకు తట్టింది. చేతిగొడ్డలి. మన దేశంలో పాత రాతియుగం మనిషి ఉండేవాడని గుర్తుపట్టిన మొదటి రాయి అది. నాలుగు నెలలు తిరక్కుండా, సెప్టెంబరులో, ఆయనా విలియం కింగ్ అనే తోటి ఉద్యోగీ కలిసి అత్తిరంపాక్కం వాగు దగ్గర ఇలాంటివి గుట్టలుగుట్టలుగా చూశారు.

మే నెల చివర పల్లావరంలో ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పాలా? ఆ ఎండలో నేల మీద రాయిని చూడటానికి వంగాడు చూడండి, అదీ నాకు ఆ మనిషిలో నచ్చింది.

ఇంకో సంగతి. ఆ చేతిగొడ్డళ్లు దేంతో చేశారు? క్వార్ట్‌జైట్. అదేం రాయి సార్ అంటారా? తల తిప్పి కిటికీలోంచి చూడండి. కనబడుతోందా కొండ? నిలువుగా గోడ కట్టినట్టు ఎర్రగా నిలబడిందే, అదే క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రంలో దీని పేరే నగరి క్వార్ట్‌జైట్. మన నగరి పేరే! ఎప్పుడో సముద్రం ఒడ్డున పేరుకున్న ఇసుక, కోట్ల ఏళ్లు ఒత్తిడికి గట్టిపడి రాయైంది. సత్యవేడు వైపు కొండల్లో గులకరాళ్లు కూర్చి అతికించినట్టుండే రాతిపొరలుంటాయి, ఆ గుండ్లూ ఎక్కువగా ఈ జాతివే. ఆనాటి మనిషికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, సరుకు వాగులో దొర్లుకుంటూ కాళ్ల దగ్గరికే వచ్చేది.

రాయి ఎక్కడిదాకా వచ్చింది? రెండో వరుసా? కానివ్వండి, తొందరేం లేదు.

ఆ రాయి పాతది కాదు. నేనే చేశా. పాతదైతే మీ చేతికిస్తానా? రిటైరయ్యాక పొద్దుపోక ఒక క్వార్ట్‌జైట్ గుండు తెచ్చుకుని, యూట్యూబులో నాలుగు వీడియోలు చూసి, మేడ మీద కూర్చుని కొట్టడం మొదలుపెట్టా. ముప్ఫై ఏళ్లు క్లాసులో బోర్డు మీద చేతిగొడ్డలి బొమ్మ గీసినవాణ్ణి, ఇదేం బ్రహ్మవిద్యా అనుకున్నా. మూడు రోజులు కొడితే కంకర తయారైంది. మా ఆవిడ 'ముగ్గుకు పనికొస్తుందా?' అంది. నాలుగో రోజు పెచ్చు లేచింది, లేచి తిన్నగా బొటనవేలి మీద దిగింది. మూడు కుట్లు. డాక్టరు 'ఎట్లా తెగింది?' అంటే ఏం చెప్పను? రాతియుగం పని చేస్తున్నానని చెప్పా. ఆయన రాసుకోలేదు.

నాకు అర్థమైందేంటంటే, ఇది బలం పని కాదు. ఎంత గట్టిగా కొట్టావన్నది కాదు, ఏ కోణంలో, అంచుకు ఎంత లోపల కొట్టావన్నది. ఇప్పుడు కొట్టే దెబ్బ దీని కోసం కాదు, దీని తర్వాత రెండో దెబ్బకు చోటు చేయడం కోసం. అంటే రాయి లోపల గొడ్డలి ముందే కనిపించాలి. మా మేడ మీద నాకు కనిపించలేదు. 15 లక్షల ఏళ్ల కిందట అత్తిరంపాక్కం వాగు ఒడ్డున కూర్చున్న ఆ జీవికి కనిపించింది. వాళ్ల పుర్రె మనకంటే చిన్నది అంటాం, మొద్దు అంటాం, సినిమాల్లో దుడ్డుకర్ర పట్టుకుని ఊఊ అని అరిపిస్తాం. ఒక్కసారి ఆ గుండు పట్టుకుని కూర్చుంటే ఆ వెక్కిరింత పోతుంది.

రాయికి వయసెట్లా తెలుస్తుంది?

ఇది నన్ను అందరూ అడుగుతారు. రాయి కోట్ల ఏళ్లనాటిది కదా, దాన్ని ఎప్పుడు చెక్కారో ఎట్లా తెలుస్తుంది, మీరు ఊహించి చెప్తారా అని. న్యాయమైన అనుమానమే. కొంచెం ఓపిగ్గా వినండి, ఇది అందమైన విషయం.

ఆకాశంలోంచి మన మీద ఎప్పుడూ కంటికి కనపడని కణాల వాన పడుతూనే ఉంటుంది. కాస్మిక్ కిరణాలంటాం. నేల మీద ఎండకు పడున్న పలుగురాయికి అవి తగిలితే అందులో అల్యూమినియం-26, బెరీలియం-10 అని రెండు రకాల పరమాణువులు పుడతాయి. చాలా కొద్దిగా. రెండూ రేడియోధార్మికాలే, అంటే వాటంతటవే తరుగుతూ ఉంటాయి. రాయి పైన ఉన్నంతసేపు కొత్తవి పుడుతుంటాయి, పాతవి తరుగుతుంటాయి. ఆ రాయిని వరద మట్టి కప్పేసిందనుకోండి, మీటర్ల లోతుకు పోయిందనుకోండి, అప్పుడు? వాన ఆగింది. కొత్తవి పుట్టవు. ఉన్నవి తరగడమే. అల్యూమినియం ఏడు లక్షల ఏళ్లకు సగమవుతుంది, బెరీలియం దాదాపు 14 లక్షల ఏళ్లకు సగమవుతుంది. ఒకటి తొందరగా, ఇంకోటి నిదానంగా. ఇద్దరన్నదమ్ములకు సమానంగా పంచిచ్చి పోతే, ఒకడు దుబారా, ఒకడు పొదుపు, పదేళ్ల తర్వాత ఇద్దరి దగ్గరా ఎంతుందో చూస్తే తండ్రి పోయి ఎన్నాళ్లయిందో చెప్పొచ్చు కదా? అదే లెక్క. రాయిని మట్టి ఎప్పుడు కప్పిందో అట్లా తెలుస్తుంది.

శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు, వాళ్ల బృందం 1999 నుంచి ఏళ్లతరబడి అత్తిరంపాక్కంలో తవ్వారు. ఊరికే గొడ్డళ్లు ఏరుకోవడం కాదు, పొర పొర, అంగుళం అంగుళం. ఫ్రాన్సు శాస్త్రవేత్తలతో కలిసి ఈ పరీక్షలు చేయించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. ఎంత తక్కువ చెప్పినా పది లక్షల ఏళ్ల పైమాటే, సగటున 15 లక్షలు. దాన్ని ఇంకో దారిలో కూడా సరిచూశారు. భూమికి అయస్కాంతం ఉంది కదా, దాని ఉత్తర దక్షిణాలు అప్పుడప్పుడు తారుమారవుతాయి. చివరిసారి అయింది సుమారు 7 లక్షల 80 వేల ఏళ్ల కిందట. ఆ మట్టిలోని ఇనుప రేణువులు తలకిందుల దిక్కు చూపించాయి, అంటే ఆ మట్టి అంతకంటే పాతది. రెండు వేర్వేరు సాక్షులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోనివాళ్లు, ఒకే మాట చెప్పారు. అంతకుముందు పుస్తకాల్లో మన దేశం చేతిగొడ్డళ్లకు అయిదారు లక్షల ఏళ్లు అని రాసేవాళ్లం. నేనూ అదే పాఠం చెప్పా. నా దగ్గర చదువుకున్నవాళ్లెవరైనా ఉంటే ఆ మార్కులు వెనక్కి అడగొద్దు.

సరే, అలిపిరి దగ్గర మొదటి మెట్టు మీద ఒకరు కూర్చుని రాయి కొడుతున్నారు. ఎవరు వాళ్లు?

తెలియదండీ! ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అక్కడ ఎముక ఒక్కటీ దొరకలేదు, మనిషిది. జంతువుల పళ్లు దొరికాయి, జంతువులు నడిచిన డెక్కల గుర్తులు కూడా పాత మట్టిలో బయటపడ్డాయి, కానీ గొడ్డలి చేసినవాడి ముఖం లేదు. మొత్తం మన దేశంలో పాత రాతియుగం నాటి మనిషి జాతి పుర్రె ముక్క చెప్పుకోదగ్గది ఒక్కటే, నర్మద ఒడ్డున హథ్నోరాలో 1982లో అరుణ్ సోనాకియా అనే శాస్త్రవేత్తకు దొరికింది. అదీ ఇంత పాతది కాదు. పనిముట్లు బండ్లకొద్దీ, చేసినవాళ్లు మాయం. నన్నడిగితే అసలైన మిస్టరీ ఇది. టీవీలో రాత్రి పదింటికి గ్రహాంతరవాసులొచ్చి బండలు ఎత్తారని చూపిస్తారే, అది కాదు.

గాలిగోపురం దాటేశాం అనుకోండి. ఊపిరి తీసుకోండి. సగం మెట్లు దాటినా, మనలాంటి మనిషి, ఇప్పుడు మనం హోమో సేపియన్స్ అని గొప్పగా చెప్పుకునే మనిషి ఇంకా పుట్టలేదు. పై నుంచి లెక్కేస్తే 700 మెట్ల దగ్గర, అంటే 3 లక్షల ఏళ్ల కిందట, మొరాకోలో జెబెల్ ఇర్హూద్ అనేచోట దొరికినవే ఇప్పటికి తెలిసిన మొట్టమొదటి మన జాతి ఎముకలు. కానీ చూడండి, ఇక్కడే ఒక మెలిక ఉంది. అత్తిరంపాక్కంలోనే పైపొరల్లో పెద్ద గొడ్డళ్లు తగ్గిపోయి, చిన్నవి, నేర్పుగా ముందే కొలత వేసుకుని రాయిని సిద్ధం చేసి ఒక్క దెబ్బతో లేపిన పెచ్చులు మొదలయ్యాయి. ఎప్పుడు? 3 లక్షల 85 వేల ఏళ్ల కిందట. 2018లో తేల్చారు. మనలాంటివాళ్లు ఆఫ్రికా నుంచి వచ్చి ఇట్లాంటి పనితనం నేర్పారని ఒక వాదం ఉండేది, ఒక లక్షా పాతికవేల ఏళ్ల కిందట అని. మరి అంతకు రెండున్నర లక్షల ఏళ్ల ముందే ఇక్కడ ఎవరు చేశారు? ఇక్కడున్నవాళ్లకే తట్టిందా? ఎవరైనా మోసుకొచ్చారా? ఆఫ్రికాలో, యూరప్‌లో కూడా ఇంచుమించు అదే కాలంలో ఇదే మార్పు. ఫోన్లు లేవు, రోడ్లు లేవు. ఎట్లా కుదిరింది? ఇప్పటికీ కొట్టుకుంటున్నారు దీని మీద. కొట్టుకోనివ్వండి, మంచిదే.

ఇక వలస. మనకు వలస అంటే తెలుసు. మన జిల్లాల నుంచి కువైట్ పోయినవాళ్లు లేని ఊరు ఉందా? బెంగుళూరు బస్సు సాయంత్రం ఎంత కిక్కిరిసి పోతుంది? ఏజెంటు, పాస్‌పోర్టు, ఎయిర్‌పోర్టు దగ్గర ఏడుపు, అదీ మన కళ్లకు కనపడే వలస. అందుకే ఆఫ్రికా నుంచి మనిషి వచ్చాడనగానే ఒక గుంపు మూటాముల్లె సర్దుకుని 'పదండి ఇండియాకి' అని బయల్దేరినట్టు ఊహించుకుంటాం. కాదు. ఎవరూ బయల్దేరలేదు! కొడుకు తండ్రి కంటే ఒక వాగు అవతల గుడిసె వేసుకున్నాడు, అంతే. తరానికి పది కిలోమీటర్లు అనుకోండి, ఇక్కణ్ణుంచి రేణిగుంట. ఆఫ్రికా కొమ్ము నుంచి ఇక్కడికి నేల దారి ఏడు వేల కిలోమీటర్లు అనుకుందాం, లెక్క కోసం. 700 తరాలు. తరానికి పాతికేళ్లు వేస్తే 17,500 ఏళ్లు. మన మెట్లలో నలభై. వచ్చినవాళ్లలో ఒక్కడికీ తాను వచ్చానని తెలియదు. ప్రతివాడూ తాను పుట్టిన ఊరి పక్కనే చచ్చిపోయాడు.

ఇవాళ ఆఫ్రికా బయట ఉన్నవాళ్లందరి వంశం మూలం ఎక్కువ భాగం ఒక 50, 70 వేల ఏళ్ల కిందట బయటికొచ్చిన వాళ్లదే అని జన్యువులు చెబుతున్నాయి. అంటే పై నుంచి 120, 170 మెట్లు. అంతకుముందు కూడా కొందరు వచ్చి ఉండొచ్చు. ఆ వచ్చే దారిలో నియాండర్తల్ అనే ఇంకో మనిషి జాతితో పిల్లల్ని కన్నారు. మీలో, నాలో, ఇక్కడ కూర్చున్న ప్రతివాళ్లలో ఒకటి రెండు శాతం వాళ్ల డీఎన్‌ఏ ఉంది. దీన్ని తేల్చిన స్వాంటె పాబోకు 2022లో నోబెల్ ఇచ్చారు. పెళ్లిచూపుల్లో గోత్రం అడుగుతాం కదా, ఇది ఏ గోత్రంలో వేస్తారో పంతుల్ని అడగాలి.

దీనికి కాస్త ముందు, 74 వేల ఏళ్ల కిందట, సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలింది. మామూలు పేలుడు కాదు, ఇప్పుడక్కడ వంద కిలోమీటర్ల పొడవు సరస్సుంది, ఆ గుంట అంత. ఆ బూడిద బంగాళాఖాతం దాటి మన బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో పడింది. పేరు చూడండి, జ్వాలాపురం! కాకతాళీయమే, నేనేం కథ అల్లడం లేదు. అక్కడ జుర్రేరు లోయలో తెల్లటి బూడిద పొర కొన్నిచోట్ల రెండు మీటర్ల పైన మందం. ఊరివాళ్లు పొడిగా అమ్ముకోవడానికి తవ్వుతున్న గుంటల్లో రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా వాళ్లు వెతికితే బూడిద కింద రాతి పనిముట్లు, బూడిద పైనా రాతి పనిముట్లు. పెద్ద తేడా లేదు. ఆకాశం నల్లబడి, బూడిద కురిసి, చెట్లు ఎండి, ఇంత జరిగినా ఆ మనుషులు మళ్లీ అదే వాగు దగ్గరికి వచ్చి కూర్చుని రాయి కొట్టారన్నమాట. ఎవరు వాళ్లు, మనవాళ్లా, మనకంటే ముందువాళ్లా? అక్కడా ఎముక లేదు. మళ్లీ అదే గొడవ.

మనూరికి వద్దాం. మన రేణిగుంట! విమానాశ్రయం, రైల్వే జంక్షన్, అంతేగా మనకు తెలిసింది? 1960ల్లో పురావస్తు పరిశోధకులు ఎం.ఎల్.కె. మూర్తి గారు అక్కడ రాళ్ల కాలువ వెంబడి నడిచారు. స్వర్ణముఖిలో కలిసే వాగు అది. పేరులోనే ఉంది చూడండి, రాళ్ల కాలువ. సన్నటి పొడుగాటి రాతి బ్లేడ్లు, ఉలి మొన లాంటి పనిముట్లు ఆయన కంటపడ్డాయి. అప్పటిదాకా పాత రాతియుగం చివరి దశ, ఈ బ్లేడ్ల దశ, మన దేశంలో ఉందా లేదా అని పెద్ద చర్చ. యూరప్‌లో ఉంది, మనకు లేదు అనేవాళ్లు. ఉంది అని చెప్పిన చోట్లలో రేణిగుంట ముందుంటుంది. ప్రపంచం పుస్తకాల్లో రేణిగుంట అని ఉంటుంది, మనం ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తింటూ రైలు లేటని తిట్టుకుంటూ ఉంటాం.

ఆయనే తర్వాత కర్నూలు గుహల్లో తవ్వారు. బేతంచెర్ల దగ్గర ముచ్చట్ల చింతమాను గవి. ఎంత బాగుంది పేరు! గవి అంటే గుహ, కర్నూలు వైపు మాట. అందులో ఎముకలతో చేసిన పనిముట్లు కుప్పలు, ఒక పొయ్యి. పొయ్యిలో కాలిన మట్టికి వయసు కడితే 17 వేల ఏళ్లు. పై నుంచి నలభయ్యో మెట్టు. అంతకు ముందు 1884లోనే మన ఫూట్ గారు, మళ్లీ ఆయనే, కొడుకుతో కలిసి ఆ దగ్గర బిల్లసర్గం గుహలు తవ్వారు. ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. కర్నూల్లో ఖడ్గమృగం! దాని శాస్త్రీయ నామంలో కూడా కర్నూలు పేరుంటుంది. ఇప్పుడు ఆ ఎండల్లో మేకలు నిలబడటమే కష్టం.

వ్యవసాయం, గొడ్లు, నునుపు గొడ్డళ్లు, కుండలు, ఇవన్నీ మన దక్షిణాదిలో పై నుంచి పన్నెండు మెట్లలోపు. ఇది బళ్లో చదివారు, వదిలేస్తా.

ఒక్కటి మాత్రం. పల్లెల్లో వేపచెట్టు కింద, గంగమ్మ గుడి దగ్గర నున్నటి, కోసుగా ఉండే చిన్న నల్లరాయి పెట్టి పసుపు రాసి ఉంటుంది, చూశారా? పిడుగు పడినప్పుడు ఆకాశం నుంచి పడిందని చెప్తారు, పిడుగురాయి. అది కొత్త రాతియుగం గొడ్డలి. పొలం దున్నుతుంటే దొరికింది, ఇంత నున్నగా మనిషి చేయలేడనిపించింది, దేవుడికిచ్చేశారు. ఒక్క మన దగ్గరే కాదు, యూరప్‌లోనూ ఇట్లాగే పిడుగురాళ్లనుకునేవాళ్లు. దాన్ని మూఢనమ్మకం అని నేను కొట్టిపారేయను. ఇది మామూలు రాయి కాదు, ఎవరో చేసింది అని ఆ రైతు గుర్తుపట్టాడు కదా. ఫూట్ గుర్తుపట్టింది కూడా అంతే. చేసింది ఎవరన్న దగ్గర జవాబు వేరు.

పలమనేరు వైపు పాండవుల గుళ్లు, రాక్షస గుళ్లు అంటారే, అవీ అట్లాంటివే. నాలుగు పక్కలా నిలువు బండలు, పైన కప్పు బండ, ఒక బండకు గుండ్రటి కంత. భీముడు ఎత్తాడంటారు. పెద్ద రాతి సమాధులవి, బృహత్ శిలాయుగం, ఇనుము వచ్చిన కాలం, సుమారు మూడు వేల ఏళ్లు అనుకోండి, ఏడో మెట్టు. వాటిలో ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప సామాన్లు దొరుకుతుంటాయి. అంత పలచటి బండ ఎట్లా తీశారని యూట్యూబులో గ్రహాంతరవాసుల్ని దించుతున్నారు. మన వడ్డెర మేస్త్రిని అడగండయ్యా! బండ మీద మంట పెట్టి, కాకకు పొర లేస్తే సమ్మెటతో ఊపి విడదీయడం వాళ్ల తాతల నాటి పని. నల్లరాయి పొరలుపొరలుగా లేస్తుంది. పక్కనున్న మేస్త్రిని వదిలేసి అంతరిక్షం నుంచి మేస్త్రిని పిలిపించడం నాకు మహా చికాకు. ఆ పని చేసిన చేతుల్ని అవమానించడం కాదూ అది?

ఇంకా ఒక మాట, యానాదుల గురించి. మన చుట్టూ ఉన్న ఏరుల్లో చేపలు, అడవిలో తేనె, దుంపలు, మందు చెట్లు, వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. అందుకని కొందరు 'వీళ్లు రాతియుగం మనుషులు' అని రాస్తారు. తప్పు. వాళ్ల తాత ముత్తాతలకూ మన తాత ముత్తాతలకూ ఒకే 3,550 మెట్లు. ఎవరూ ఏ మెట్టు మీదా ఆగిపోలేదు.

ప్రశ్నలు

సరే, ప్రశ్నలుంటే అడగండి. మీరా బాబూ? ఆ, 'ఇక్కడ అసలు స్థానికులు ఎవరు, బయటి నుంచి వచ్చినవాళ్లు ఎవరు' అంటున్నారు. ఈ ప్రశ్న రాకుండా ఉండదని నాకు తెలుసు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది, అక్కడి తంగరాజ్ గారు, వాళ్ల బృందం దేశమంతా ఎన్నో వర్గాల డీఎన్‌ఏ చూశారు. మొదట వచ్చిన వేటగాళ్ల అంశ, ఇరాన్ వైపు వాళ్లకు దగ్గరైన అంశ, తర్వాత ఉత్తరాన గడ్డిమైదానాల నుంచి వచ్చిన అంశ, ఇవి రకరకాల పాళ్లలో కలిసి ఉన్నాయి. ఒక్క అంశతోనే ఉన్న వర్గం ఇప్పుడు ఇక్కడ లేనట్టే. ఇంకా తమాషా ఏంటంటే, 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా అందరూ అందరితో బాగానే కలిశారు, తర్వాత కలవడం ఆగింది. మా కులంలోనే సంబంధం కావాలి అని మనం పట్టుపట్టేది చివరి అయిదు మెట్ల నుంచే. అంతకుముందు మెట్ల మీద ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని ఎక్కారో డీఎన్‌ఏకు తెలుసు. కాబట్టి బాబూ, అందరం వచ్చినవాళ్లమే. ఎవరు ఏ మెట్టు మీద కలిశారన్నదే తేడా. మీ ముఖం చూస్తే ఇంకో జవాబు కోసం వచ్చినట్టున్నారు.

చివర్న పాప చెయ్యెత్తింది. 'నాకు వాగులో ఇట్లాంటి రాయి దొరికితే ఏం చేయాలి?' మంచి ప్రశ్న, ఇవాళ్టికి ఇదే మంచి ప్రశ్న. తీసుకోవద్దమ్మా. ఉన్నచోటే ఉంచి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తియ్యి, సైజు తెలుస్తుంది. చోటు ఫోన్లో గుర్తు పెట్టుకో. తర్వాత ఎస్వీ యూనివర్సిటీలో పురావస్తు శాఖ ఉంది, వాళ్లకు చూపించు. రాయి ఏ పొరలో, ఏ రాళ్ల పక్కన ఉందన్నది పోతే రాయి ఉన్నా లేనట్టే. ఇందాక చెప్పిన అన్నదమ్ముల లెక్క ఉందే, ఇంటికి తెచ్చి షోకేసులో పెడితే ఆ లెక్క ఇంక కుదరదు. ఎప్పుడు మట్టి కిందికి పోయిందో, ఎప్పుడు బయటికొచ్చిందో ఎవరు చెప్తారు? ఇసుక ట్రాక్టర్లు ఎత్తుకుపోతున్న రాళ్లకు ఈ మాట ఎవరు చెప్తారో నాకు తెలియదు, నువ్వు మాత్రం విన్నావు.

అన్నట్టు నా రాయేదీ? ఎవరి దగ్గరాగింది? ఆ, నాలుగో వరుస. ఏంటి బాబూ, చేతికి కుదరడం లేదా? ఏ చేత్తో పట్టుకున్నావు? ఎడమ చెయ్యా! అయితే కుదరదు, నేను కుడిచేతివాణ్ణి, తెలియకుండానే నా చేతికి చేసుకున్నా. చూశావా, రాయి చూసి చేసినవాడిది ఏ చెయ్యో పట్టేశావు. సరే, ఇటివ్వు నాన్నా. అట్లా కాదు, అంచు నీవైపు పెట్టుకోకు.